వైద్యుని లెక్కలు వాకిటి వెలుతురున



గత మాసమున నాకు చేరిన యుత్తరములలో నొకటి కోనసీమనుండి వచ్చినది. వ్రాసిన సోదరి యప్పగారికి 70 ఏండ్లు. ఆమె అమెరికాలో న్యూజెర్సీయందు కుమార్తెయొద్ద చాల కాలముగా నున్నది. మోకాళ్ల నొప్పిచే మెట్లెక్కలేకున్నది. అచ్చటి యెముకల వైద్యుడు పరీక్షించి, కుడిమోకాలికి కృత్రిమపు కీలు వేయుట మంచిదని చెప్పెను. అల్లుడు ఆ వైద్యుని పేరు కంప్యూటరులో వెదకగా ప్రభుత్వము వెల్లడించిన రెండు పట్టికలు కనబడినవి. మొదటిదానిలో ఆ వైద్యుడు ఏడాదిలో నెన్ని మోకాళ్లకు కీళ్లు వేసెనో, ప్రభుత్వ బీమా ఎంత సొమ్మిచ్చెనో యున్నది. రెండవదానిలో కీళ్లు తయారుచేయు కంపెనీ యొకటి ఆయనకు పెద్ద మొత్తమే ముట్టజెప్పినట్లున్నది. “అక్కగారూ, ఇది చూచినది మొదలు మా యప్పకు నిదుర లేదు. కంపెనీ సొమ్ము పుచ్చుకొన్నవాడు కాలు కోయించుకొమ్మనుట నమ్మదగునా? నమ్మక మానివేసినచో ఈ నొప్పి తీఱు తెఱగేది?” అని యామె యడిగినది.

ఇది యొక్కరి ప్రశ్న కాదు. నేడు తెలుగునాట నెన్ని యిండ్ల బిడ్డలో అమెరికాలో కాపురములు చేయుచున్నారు. వారియొద్ద నుండు తల్లిదండ్రులును గలరు. అచ్చట వైద్యవృత్తియందున్న తెలుగువారును మెండు. కావున ఆ రెండు పట్టికలు ఎట్లు పుట్టినవి, వానిని ఎట్లు చదువవలెను, ఎట్లు చదువరాదు అను సంగతిని ఈ నెల ముచ్చటగా గైకొంటిని. లెక్కలనగానే పుట తిప్పివేయవలదు. పాలవాని లెక్కయు, చాకలిపద్దును, పచారికొట్టు చిట్టాయు నెలనెల సరిచూచుకొను మనకు ఈ లెక్క అలవికానిది గాదు.

మెడికేర్ అనగా నేమి?

అమెరికాలో 65 ఏండ్లు నిండినవారికి ప్రభుత్వము నడుపు వైద్యబీమా పేరు మెడికేర్. 1965 జూలై 30వ తేదీన అధ్యక్షుడు లిండన్ జాన్సన్, మిస్సోరీ రాష్ట్రమున ఇండిపెండెన్స్ అను నూరికి పోయి, వెనుకటి అధ్యక్షుడగు హారీ ట్రూమన్ సమక్షమున ఆ చట్టముపై సంతకము చేసెను. ఇందు మొదటి సభ్యుడు ట్రూమనే. 1972లో చేసిన సవరణచే, వయసు చాలకున్నను అంగవైకల్యము గలవారికిని, మూత్రపిండములు పూర్తిగా చెడినవారికిని ఇది వర్తించెను. జనులు పనిచేయు దినములలో జీతమునుండి కోయు పన్నుతోను, సభ్యులు నెలనెల కట్టు చందాతోను, ఖజానా సొమ్ముతోను ఇది సాగును. బిడ్డలను చూచిపోవుటకు మాత్రము వచ్చిన తల్లిదండ్రులకు ఇది లేదు. శాశ్వత నివాసపు హక్కు పొంది, యెడతెగక 5 ఏండ్లు అచ్చట నున్న 65 ఏండ్లవారు చందా కట్టి చేరవచ్చును.

వైద్యుని రుసుములో ఏటికి మొదట కొంత రోగియే భరించిన పిమ్మట, సాధారణముగా నూటికి 80 పాళ్లు మెడికేర్ ఇచ్చును. తక్కిన 20 పాళ్లు రోగి యిచ్చుకొనవలెను. అనగా ఇది ప్రజలందఱు కూర్చిపెట్టిన సొమ్ము. ఆ సొమ్ము ఏ వైద్యునికి ఎంత పోవుచున్నదో ప్రజలు చూడవచ్చునా? వినుటకు చిన్న ప్రశ్న. దీనికి జవాబు వచ్చుటకు 35 ఏండ్లు పట్టినది.

మొదటి పట్టిక: చేసిన పని, పుచ్చుకొన్న రుసుము

వైద్యులవారీ లెక్కలను ప్రభుత్వము వెల్లడింపబూనగా ఫ్లోరిడాయందలి వైద్యసంఘము న్యాయస్థానమున కెక్కెను. వైద్యుని రాబడి ఆతని సొంత సంగతియని వాదించెను. 1979లో న్యాయస్థానము ఆ వెల్లడిని నిషేధించెను. వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రికను నడుపు డౌజోన్స్ కంపెనీ మరల వ్యాజ్యము నడుపగా, 2013 మే నెలలో ఆ నిషేధము తొలగెను. 2014 ఏప్రిల్ 9వ తేదీన, 2012వ సంవత్సరపు లెక్కలు మొదటిసారిగా ప్రజల యెదుట బడినవి. 8 లక్షల 80 వేలకు పైబడిన వైద్యులు మొదలగువారి పేర్లును, వారికి చేరిన 7,700 కోట్ల డాలర్ల వివరమును అందు గలవు. నాటినుండి ఏటేట క్రొత్త లెక్క చేర్చుచున్నారు. పని జరుగుటకును, అది పట్టిక కెక్కుటకును నడుమ రెండేండ్ల యెడము సామాన్యముగా నుండును.

ఆ పట్టికలో ప్రతి వైద్యునికి 10 అంకెల గుర్తుసంఖ్య యుండును. చేయు ప్రతి పనికిని నొక సంకేతముండును. మోకాలి కీలు పూర్తిగా మార్చుటకు 27447 అని గుర్తు. ఆ పని ఏడాదిలో నెన్నిమార్లు చేసెను, ఎందఱు రోగులకు చేసెను, వైద్యుడు వేసిన బిల్లు సగటున నెంత, మెడికేర్ ఒప్పుకొన్న ధర యెంత, తుదకు చెల్లించిన దెంత అని వరుసగా గళ్లు గలవు. బిల్లు గడిలోని యంకెను జూచి గుండె జల్లుమనవలసిన పనిలేదు. అది బేరమునకు ముందు బట్టలకొట్టువాడు చెప్పిన ధర వంటిది. మెడికేర్ తాను నిర్ణయించిన ధరకు మించి యొప్పుకొనదు.

ఈ పట్టికను చదువువారు తప్పుత్రోవ పట్టుటకు నాలుగు చోటులు గలవు.

ఒకటి: ఇందు ప్రభుత్వము నేరుగా చెల్లించు పాత పద్ధతి మెడికేర్ లెక్కయే గాని, ప్రైవేటు కంపెనీల ద్వారా నడచు మెడికేర్ అడ్వాంటేజ్ అను పద్ధతి లెక్క లేదు. ఇప్పుడు సభ్యులలో సగమునకు మించినవారు ఈ రెండవ పద్ధతియందే యున్నారు. 65 ఏండ్ల లోపు రోగులలో ననేకులు వేఱు బీమాలవారు. వారి లెక్కయు నిందు రాదు. కావున పట్టికలో 40 మోకాళ్లు కనబడినంత మాత్రమున ఆ వైద్యుడు ఏడాదికి 40 మాత్రమే చేసెనని తలపరాదు.

రెండు: ఏదేని పనిని 10 మందికి మించని రోగులకు చేసినచో, ఆ రోగుల గుట్టు బయటపడకుండుటకై ఆ వరుసను చూపనే చూపరు. పట్టికలో లేకుండుట, ఆ పని రాకుండుట యొక్కటి గాదు.

మూడు: ఒక్కరి గుర్తుసంఖ్య క్రింద పలువురి పని లెక్కకెక్కుట గలదు. ప్రయోగశాల పెద్దకో, వైద్యశాల యజమానికో చేరినట్లున్న సొమ్ము నిజమునకు పదిమంది కష్టము కావచ్చును. మఱియు ఆసుపత్రికి ముట్టు సొమ్ము వేఱు పద్దున నుండును. వైద్యుని పట్టికలో నది కానరాదు.

నాలుగు: పుచ్చుకొన్న దంతయు లాభము గాదు. దీనికి కంటివైద్యమే తార్కాణము. వృద్ధుల కంటి లోపలి పొర చెడి చూపు పోవు రోగమునకు కంటిలోనికి సూదిమందు వేయుదురు. లూసెంటిస్ అను మందు ఒక్క మోతాదు ఆ దినములలో సుమారు 2,000 డాలర్లు. అవాస్టిన్ అను మందును చిన్న మోతాదులుగా విభజించి వాడినచో సుమారు 50 డాలర్లు. చూపు నిలుపుటలో రెండును సమానమేయని 2011లో ప్రభుత్వ ధనముతో జరిగిన పెద్ద పరీక్ష తేల్చెను. వైద్యుడు మందును తానే కొని వాడగా, మెడికేర్ ఆ మందు సగటు ధరను, దానిపై నూటికి 6 పాళ్లను కలిపి యిచ్చును. 2,000కు 6 పాళ్లెంత, 50కి 6 పాళ్లెంత, మీరే గుణించి చూడుడు. 2012 లెక్కలో నందఱికంటె పైనున్నవాడు ఫ్లోరిడాలోని యొక కంటివైద్యుడు; చేరినది 2 కోట్ల డాలర్లకు పైమాట. అందు పెద్దపాలు మందు ఖరీదేయని ఆతని పక్షమువారు చెప్పిరి. అది వినదగిన మాటయే. ఐనను 2017లో న్యాయస్థానము, లేని రోగములకు వైద్యము చేసినట్లు చూపి మెడికేరును మోసగించెనని ఆతనిని దోషిగా నిర్ణయించెను. మఱుసటి యేడు 17 ఏండ్ల శిక్ష విధించెను. పెద్ద యంకె తనంతట నేరము గాదు, “ఇది యేమి?” యని యడుగదగిన చోటు మాత్రము చూపును.

రెండవ పట్టిక: కంపెనీలనుండి చేరినది

రెండవ పట్టిక పేరు ఓపెన్ పేమెంట్స్. మందులు, వైద్యపరికరములు తయారుచేయు కంపెనీలు వైద్యులకు ఏ రూపమున నేమిచ్చినను అందు వ్రాయవలెను.

దీని పుట్టుకకు మన సోదరి యడిగిన మోకాలి కీళ్లకు దగ్గఱి సంబంధము గలదు. తుంటికీళ్లు, మోకాలికీళ్లు చేయు 5 పెద్ద కంపెనీలు, తమ కీళ్లనే వాడునట్లు శస్త్రవైద్యులకు సలహా రుసుములనియు, విహారయాత్రలనియు సొమ్ము గుమ్మరించినవని న్యూజెర్సీయందలి ప్రభుత్వ న్యాయవాది విచారణ జరిపెను. 2007 సెప్టెంబరులో ఆ వ్యవహారము రాజీ పడెను. వానిలో నాలుగు కంపెనీలు కలిసి 31 కోట్ల 10 లక్షల డాలర్లు చెల్లించినవి. ఏ వైద్యునికి ఏమిచ్చుచున్నారో పేరుతో వెల్లడించుటకును ఒప్పుకొన్నవి. ఆ సంవత్సరముననే సెనేటర్లు చార్లెస్ గ్రాస్లీ, హెర్బ్ కోల్ అనువారు, ఒకరు రిపబ్లికన్, ఒకరు డెమొక్రాట్, దేశమంతటికి నిట్టి చట్టము కావలెనని బిల్లు తెచ్చిరి. అది 2010 మార్చిలో వైద్యసంస్కరణల పెద్ద చట్టములో భాగముగా నెగ్గెను. సూర్యరశ్మి చట్టమని దానికి వాడుకపేరు.

2013 ఆగస్టు 1నుండి కంపెనీలు లెక్క వ్రాయసాగినవి. 2014 సెప్టెంబరు 30న మొదటి 5 నెలల పద్దు వెలువడెను. 44 లక్షల చెల్లింపులు. 350 కోట్ల డాలర్లు. పుచ్చుకొన్నవారు 5 లక్షల 46 వేలమంది వైద్యులును, సుమారు 1,360 బోధనాసుపత్రులును. అప్పటినుండి ఏటేట ఒక సంవత్సరపు లెక్క మఱుసటి సంవత్సరము జూన్ నెలాఖరులోపల వెలువడుచున్నది. మొదట వైద్యులు మాత్రమే యుండగా, 2018లో జరిగిన సవరణవలన మందులు వ్రాయు నర్సులు, మంత్రసానితనము చదివిన నర్సులు, వైద్యసహాయకులు మొదలగువారిని గూడ చేర్చిరి. వారి లెక్క 2021నుండి వ్రాయబడుచున్నది.

చట్టము పుట్టిననాడు ఒక్కమాటు 10 డాలర్లకు మించిన దేదియైనను, చిల్లరవన్నియు కలిసి ఏటికి 100 డాలర్లు మించినచో అవియును వ్రాయవలెనని నియమము. ధరలతో పాటు ఈ హద్దులు ఏటేట పెరుగుచున్నవి. రోగులకు పంచుటకై యిచ్చు ఉచిత నమూనా మందులు ఈ లెక్కకు రావు. తెలిసియుండి దాచిన కంపెనీకి భారీ జరిమానా గలదు. పద్దు వెలువడుటకు ముందు వైద్యునికి 45 దినములు గడువిచ్చి, “నీ పేర వ్రాసినది సరియేనా?” యని చూచుకొననిత్తురు, కాదన్నచో ఆతడు తగవు పెట్టవచ్చును. పేరు బజారున బెట్టునపుడు ఈ పాటి న్యాయము పాటించుట మెచ్చదగినది.

చెల్లింపులు మూడు తెఱగులు. మొదటిది సాధారణపు చెల్లింపు: భోజనము, ప్రయాణము, బస, ఉపన్యాస రుసుము, సలహా రుసుము, కానుక, రాయల్టీ. రెండవది పరిశోధనకై యిచ్చునది. మూడవది కంపెనీలో వైద్యునికో, ఆతని కుటుంబమువారికో గల వాటాలు. ఈ మూటిని గలిపి యొక్క మొత్తముగా చూచి నోరు నొక్కుకొనుట సరిగాదు. క్రొత్త మందును రోగులపై జాగ్రత్తగా పరీక్షించుటకు సొమ్ము కావలెను. అది వైద్యుని జేబులోనికి గాక పరీక్షల వ్యయమునకే పోవుట గలదు. క్రొత్త తరహా కీలును కనిపెట్టిన శస్త్రవైద్యునికి రాయల్టీ వచ్చును; అది గ్రంథకర్తకు పుస్తకముపై వచ్చు పాలు వంటిది. ఉపన్యాస రుసుము మాట వేఱు. 2020 నవంబరులో ప్రభుత్వ తనిఖీశాఖవారు ఇట్టి ఉపన్యాసములను గూర్చి హెచ్చరిక వెలువరించుచు, వెనుకటి మూడేండ్లలో కంపెనీలు వీనికై సుమారు 200 కోట్ల డాలర్లు చూపినవని చెప్పిరి. వినువారు లేని సభలు, విందుశాలలో మద్యముతో గూడిన సభలు, విన్నవారే మరల మరల వచ్చు సభలు ఇందు గలవట.

ఇది యెంతదూరము పోగలదో ఇన్సిస్ అను కంపెనీ కథ చెప్పును. కాన్సరు రోగుల తీవ్రబాధకై 2012లో అనుమతి పొందిన ఫెంటనిల్ మందును ఆ కంపెనీ యమ్మెను. అది నల్లమందు కోవకు చెందినది, మిక్కిలి బలమైనది. కాన్సరు లేనివారికి గూడ దానిని వ్రాయునట్లు, ఉపన్యాస రుసుమను ముసుగున వైద్యులకు లంచములిచ్చెను. కంపెనీ స్థాపకుడు జాన్ కపూర్ భారతదేశమున జన్మించినవాడు. 2019 మే నెలలో బోస్టను న్యాయస్థానము ఆతనిని దోషిగా తేల్చెను. 2020 జనవరిలో అయిదున్నర యేండ్ల శిక్ష పడెను. పట్టికలోని ఒక గడిలో ‘ఉపన్యాసము’ అను నొక్క మాట వెనుక ఇంతటి విషము దాగియుండుటయు గలదు.

ఒక పూట భోజనము

లంచము మాట విడిచిపెట్టుదము. వైద్యునికి కంపెనీ ప్రతినిధి తెచ్చిపెట్టు మధ్యాహ్నపు భోజన మేపాటిది? 20 డాలర్లయిన చేయదు. అంతమాత్రమునకు చదువుకొన్న పెద్దమనిషి బుద్ధి మాఱునా?

2016లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు ఈ రెండు తెఱగుల లెక్కలను ఒకదాని ప్రక్క నొకటి పెట్టి చూచిరి. 2,79,669 మంది వైద్యులు. నాలుగు పేరుగల మందులు. చెల్లింపులలో నూటికి 95 పాళ్లు భోజనములే. సగటు ఖరీదు 20 డాలర్లకు లోపు. ఒక్క పూట భోజనము చేసినవారు సైతము, చేయనివారికంటె ఆ కంపెనీ మందునే హెచ్చుగా వ్రాసినట్లు తేలెను. ఎన్ని పూటలు తినిరో అంత హెచ్చుగా వ్రాసిరి. భోజనమే కారణమని ఇది తీర్పు చెప్పదు; ఆ మందుపై ముందే యిష్టము గలవారే ఆ భోజనములకు పోయియుండవచ్చునని పరిశోధకులే యొప్పుకొనిరి. కాని ఉప్పు తిన్న విశ్వాసమను మాట మనదేశములో ఊరక పుట్టలేదు.

మా వారు బడిపంతులు. పాఠశాలలు తెఱచు దినములలో గైడు పుస్తకముల కంపెనీల ప్రతినిధులు ఉపాధ్యాయుల యిండ్లకు వచ్చుట మామూలు. ఒకరు డైరీ, ఒకరు గోడగడియారము, ఒకరు మిఠాయిపొట్లము తెత్తురు. ఒకయేడు వచ్చిన పుస్తకము నిజముగా మంచిదే. మా వారు పుస్తకము నుంచుకొని గడియారమును త్రిప్పి పంపిరి. “మంచి పుస్తకమే గదా, గడియారము పుచ్చుకొన్న నేమి?” యని నేనడిగితిని. “రేపు తరగతిలో ఈ పుస్తకము కొనుడని చెప్పునపుడు, చెప్పినది నేనా, గడియారమా యని నాకే తెలియకపోవును” అనిరి. దీనిలోని చిక్కంతయు నిదియే. పుచ్చుకొన్నవాడు దుష్టుడు గానక్కఱలేదు. మంచివాడే తన మనస్సును తానెఱుగలేని స్థితిలో పడును. అందుచేతనే ఈ సంగతి ఆతని మనస్సాక్షికి మాత్రమే విడువక, నలుగురు చూడగల చోట వ్రాసిపెట్టిరి.

రెండును గలిపి చదువు విధము

ఇక మన సోదరి యప్పగారి మోకాలు. ఇందు రెండు ప్రశ్నలు గలవు. రెంటిని కలిపి చూచుటచే భయము రెట్టించినది. కీలు వేయించుకొనుట అవసరమా యనునది మొదటి ప్రశ్న. ఏ కంపెనీ కీలు వేయవలె ననునది రెండవది. కంపెనీ సొమ్ము నీడ ముఖ్యముగా పడునది రెండవదానిపైన.

మొదటి ప్రశ్నకు జవాబు పట్టికలో దొరకదు, మోకాలిలోనే దొరకును. వ్యాయామము, బరువు తగ్గించుట, నొప్పిమందులు, సూదిమందులు వీనితో తగినంత కాలము ప్రయత్నించిరా? ఎక్సురేలో మృదులాస్థి అరిగిపోయినట్లున్నదా? రాత్రి నిదుర చెడుచున్నదా, నాలుగడుగులు నడువలేకున్నదా? అరిగిన మోకాలికి వేయు కీలు ప్రాణముమీదికి వచ్చిన తొందరపని గాదు. ఆలోచించుటకు వ్యవధి గలదు. మెడికేర్, శస్త్రచికిత్సకు ముందు మఱొక వైద్యుని యభిప్రాయము గైకొనుటకు తన పాలు చెల్లించును. ఇద్దఱి మాటలు పొసగనిచో మూడవవాని యభిప్రాయమునకును చెల్లించును. ఈ హక్కును వాడుకొనుటకు మొగమాట పడనక్కఱలేదు.

రెండవ ప్రశ్నకు పట్టికలు రెండును పనికివచ్చును. మొదటిదానిలో 27447 ఎదుట ఎన్ని యున్నవో చూడుడు. చేయి తిరిగినవాని చేతిలో ప్రమాదము తక్కువయని శస్త్రవైద్యమును గూర్చిన పరిశోధనలు చెప్పుచున్నవి; మన వంటయింటి సంగతియు నంతే గదా. అంకె తక్కువగా నున్నచో పైన జెప్పిన కారణములు గుర్తుంచుకొని, “ఏడాదికి ఎన్ని చేయుదురు?” అని వైద్యునే యడుగవచ్చును. రెండవదానిలో ఆ పెద్ద మొత్తము ఏ గడిలో నున్నదో చూడుడు. రాయల్టీయా? పరిశోధనా? ఉపన్యాసమా? వాటాలా? ఒక్క సంవత్సరమే వచ్చినదా, ఏటేట వచ్చుచున్నదా? ఒక్క కంపెనీనుండియా, పలు కంపెనీలనుండియా? అదే వృత్తిలోని యితరులతో పోల్చి చూచు వీలును ఆ పట్టికయందే గలదు.

పిమ్మట కుమార్తెను వెంటబెట్టుకొని పోయి, నెమ్మదిగా నిట్లు అడుగవలెను: “డాక్టరుగారూ, మీరు ఈ కంపెనీకి సలహాదారులని ప్రభుత్వ పట్టికలో చూచితిమి. నాకు వేయదలచిన కీలు ఆ కంపెనీదేనా? నాకు వేసిన కీలుపై మీకు రాయల్టీ వచ్చునా? వేఱు కంపెనీ కీలుకంటె ఇది నాకు మేలగుటకు కారణమేమి?” ఈ ప్రశ్నలలో నిందలేదు. నిజాయితీగల వైద్యుడు వీనికి నొచ్చుకొనడు. తన కీలును వాడినచో రాయల్టీ పుచ్చుకొనననియో, పుచ్చుకొందుననియో విప్పి చెప్పును. అడిగినందుకే కోపించువాడు, పట్టిక చెప్పనిదానిని తానే చెప్పినవాడగును. వేసిన కీలు కంపెనీ పేరు, సంఖ్య గల కాగితమును అడిగి పుచ్చుకొని, పెట్టెలో భద్రపఱచుకొనుటయు ముఖ్యము.

పట్టికలో పేరే లేని వైద్యుడు ఉత్తముడనియు తలపరాదు. కంపెనీ సొమ్ము ముట్టనివాడు చేయి తిరిగినవాడే కావలెనని లేదు. సొమ్ము ముట్టినవాడు చేయి తిరగనివాడనియు లేదు. పట్టిక నేర్పును కొలుచు త్రాసు గాదు; గదిలోనికి వెలుతురు వచ్చుటకై తెఱచిన కిటికీ మాత్రమే.

మన దేశమున

“అక్కడివారికి పట్టికలున్నవి, మనకేమున్నది?” అని మీరడుగుదురు. వైద్యులు మందుల కంపెనీలనుండి కానుకలు, ప్రయాణములు, సొమ్ము పుచ్చుకొనరాదని భారత వైద్యమండలి 2009 డిసెంబరులో తన నియమములను సవరించెను. ఆ నియమము వైద్యునికే గాని కంపెనీకి వర్తింపదను వాదము చిరకాలము నడచెను. వైద్యులకిచ్చిన కానుకలను వ్యాపారవ్యయముగా చూపి పన్ను తగ్గింపు కోరిన యొక కంపెనీ వ్యాజ్యమున, 2022 ఫిబ్రవరి 22న సుప్రీముకోర్టు అది చెల్లదని తీర్పు చెప్పెను. ఉచితమని పేరేగాని ఆ కానుకల వ్యయము తుదకు మందుల ధరలో కలిసి రోగి నెత్తిన పడునని ఆ తీర్పునందే గలదు. 2024 మార్చిలో కేంద్రప్రభుత్వము మందుల కంపెనీల వర్తననియమావళిని క్రొత్తగా ప్రకటించి, వైద్యునికిగాని ఆతని కుటుంబమునకుగాని సొంతలాభమగు కానుకలను నిషేధించెను. ఐనను ఒక వైద్యుని పేరు వెదకి, ఆతనికి ఏ కంపెనీ ఏమిచ్చెనో గృహిణి చూచుకొనదగిన ప్రజాపట్టిక మనకు లేదు. అచ్చట వెల్లడించుట, ఇచ్చట నిషేధించుట మార్గమైనది. చూచు కన్ను లేని నిషేధమునకు తలుపున్నది గాని గడియలేదు.

పట్టిక లేదని చేతులు ముడుచుకొననక్కఱలేదు. మందుచీటీ చేతికిచ్చునపుడే, “అయ్యా, ఇదే మందు జనరిక్ పేరుతో దొరకునా?” అని యడుగుడు. 2008నుండి నడచుచున్న జనౌషధి దుకాణములలో అనేకములగు నిత్యపు మందులు తక్కువ ధరకు దొరకుచున్నవి. పరీక్ష చేయించుమన్నపుడు, ఆ పరీక్షవలన వైద్యము మాఱునా యని యడుగుడు. మోకాలి కీళ్లకు 2017 ఆగస్టునుండి ప్రభుత్వము ధర కట్టినది. బిల్లులో కీలు ధరను విడిగా చూపుమనుడు. చీటీలు, బిల్లులు, పరీక్షల కాగితములు తేదీవారీగా నొక సంచిలో కట్టి యుంచుడు. ఇవే ప్రస్తుతమునకు మన పట్టికలు.

వైద్యుని నారాయణునిగా నెంచుట మన పెద్దలు నేర్పిన మర్యాద. ఆ మర్యాదకు లెక్క యడుగుట విరోధము గాదు. గుడిహుండీకి సైతము ధర్మకర్తలు లెక్క చెప్పుదురు. దేవునిపై నమ్మకము లేక కాదు, సొమ్ము పదిమందిదగుటచే. నమ్మకమును కండ్లు మూసికొని కాక, తెఱచుకొని యుంచిననాడే అది నిలుచును.

అమెరికా వైద్యుల పట్టికలు చూచి యెవరైన సోదరీమణులకు ఇతర సందేహములు కలిగినచో, వైద్యుని పేరు వ్రాయక, సంగతి మాత్రము వ్రాసి పంపుడు, తెలిసినంత జవాబిత్తును. వచ్చు మాసమున, ఇంట వృద్ధులున్నవారు మందులపెట్టెను సర్దుకొనవలసిన విధమును గూర్చి ముచ్చటించుకొందము.